ఫోటోపెద్దమ్మ రెండో రీలు

మిల్లు కార్మికులందరినీ ఒకే ఫోటోలో, ఒక్కరి కన్నయినా మూతపడకుండా తీయడం ఫోటోపెద్దమ్మ సాధించిన తొలి ఘనకార్యం. అప్పటికి ఆమెకు ఇరవై ఏళ్లు నిండలేదు. అంతకుముందు పేరున్న ఫోటోగ్రాఫర్లే వచ్చి చేతులెత్తేశారు. ఎలా తీసినా ఓ పదిమంది నిలబడి నిద్రపోతున్నట్టు పడేవారు. ఈమె స్టూలెక్కి, "అందరూ కళ్లు గట్టిగా మూసుకోండి. నేను ఈల వేయగానే తెరవండి" అంది.

"కళ్లు తెరవాలని మూయిస్తున్నావా పిల్లా?" అని మేనేజరు నవ్వాడు. ఆమె ఈల వేసింది, బటన్ నొక్కింది. ఆ ఫోటో ఈనాటికీ మిల్లు ఆఫీసు గోడ మీదే ఉంది.

అక్కడితో ఆగిందా? సొంత స్టూడియో పెట్టింది. ఆ వీధిలో ఆమె తీసిన ఫోటో లేని ఇల్లు లేదు. రీళ్ల కాలం పోయాకే స్టూడియోకు తాళం వేసి, కెమెరాలను మెత్తటి గుడ్డలో చుట్టి బీరువాలో పెట్టింది.

వాటిని మళ్లీ బయటికి తీయించింది ఆమె తమ్ముడు. వీధి చివరనున్న మంచినీళ్ల ట్యాంకు దగ్గర అతని ఉద్యోగం. వాల్వు తిప్పడం, నిచ్చెనెక్కి నీటిమట్టం చూడడం అతని పని. కాపురం కూడా ఆ ట్యాంకు నీడలోనే. ఒకనాడు పైకెక్కుతుంటే ట్యాంకును మోసే దూలం మీద అడ్డంగా పగులు కనిపించింది. గోరు పెడితే దూరింది. నెల తిరిగేసరికి వేలి కొస దూరింది.

ఫోనులో ఫోటోలు తీసి ఇంజినీరుకు చూపించాడు.

"ఇది ప్లాస్టరు గీత. పెరుగుతోందని రుజువేదయ్యా? ఫోన్ ఫోటోల్లో ఏమైనా మార్చొచ్చు. మీ అక్క రీలు కెమెరా మహారాణి కదా, ఆవిణ్ణి తీయమను, చూద్దాం. అంతవరకు సగమే నింపు."

అతను ఎగతాళికే అన్నాడు. ఆమె మాత్రం నిజంగానే తీసుకుంది. ఎదురు డాబా మీద స్టాండు కాళ్లు పెట్టే చోట రంగుతో గుర్తులు వేసింది. ప్రతి ఆదివారం అదే చోటు నుంచి, అదే లెన్సుతో తీసేది. తమ్ముడు నిచ్చెన మీద నిలబడి పగులు పక్కన ఇనుప స్కేలు పట్టుకునేవాడు.

"కదలకురా!"

"ఇదేమన్నా నీ స్టూడియో కుర్చీనా అక్కా? కింద చూస్తేనే కళ్లు తిరుగుతున్నాయి!"

"అయితే పైకి చూడు."

పైకి చూస్తే పగులు నుంచి నీటి చుక్క జారి అతని నుదుటి మీద పడింది. ఇద్దరూ నవ్వలేదు.

నాలుగు నెలలకు రీలు నిండింది. ఊళ్లో రీళ్లు కడిగే ల్యాబు ఒక్కటే మిగిలింది. తాను మార్చిందని ఎవరూ అనకూడదని, ఫోటోలు నేరుగా ఇంజినీరు ఆఫీసుకే పంపమని చెప్పి వచ్చింది.

వారానికి ఇంజినీరు తమ్ముణ్ణి పిలిపించి ఫోటోలు బల్ల మీద పరిచాడు. "ఏమయ్యా, నున్నటి గోడకు స్కేలు పెట్టి ఏం కొలుస్తున్నావు?"

ఏ ఫోటోలోనూ పగులు లేదు.

పెద్దమ్మ ల్యాబుకు పరుగెత్తింది. ల్యాబు యజమాని మెచ్చుకుంటుందనుకుని ఎదురొచ్చాడు. "అన్ని ఫోటోల్లోనూ ఒకే చోట గీత పడిందమ్మా. కెమెరాలో రీలు గీసుకుపోయినట్టుంది. కంప్యూటర్లో ఒక్కొక్కటీ ఓపిగ్గా చెరిపాను."

"అది గీత కాదు నాయనా. నెగెటివ్‌లు ఇచ్చెయ్."

"స్కాన్ చేశాక పారేస్తామమ్మా. కంప్యూటర్లోనూ చెరిపినవే మిగిలాయి. ఈ రోజుల్లో ఎవరడుగుతున్నారు?"

చోటు మారకుండా అంత జాగ్రత్తగా తీయబట్టే పగులు అన్నిటిలో ఒకే చోట పడింది. 

మర్నాడే ఆఫీసు నుంచి ఉత్తర్వు వచ్చింది. ట్యాంకు భద్రంగా ఉందట, ఎండలు ముదురుతున్నాయి గనుక ఏప్రిల్ ఇరవయ్యో తేదీ నుంచి నిండా నింపాలట.

అయితే ముఖ్యమైన పనిని ఒక్క కెమెరా మీద పెట్టే అలవాటు పెద్దమ్మకు ఏనాడూ లేదు. ప్రతి ఆదివారం రెండో కెమెరాతో కూడా తీసింది. ఆ రీలు ఇంకా ఆమె దగ్గరే ఉంది. అది ఎవరి చేతిలో పెట్టాలన్నదే ప్రశ్న. ఊరూరి ల్యాబులకూ ఫోను చేసి ఒకే మాట అడిగింది: "రీలు మీద గీత కనిపిస్తే ఏం చేస్తారు?"

"మాయం చేసేస్తామండీ!" అని ప్రతివాడూ గొప్పగా చెప్పాడు. ఆమె ఫోను పెట్టేసింది.

చివరికి ఓ ముసలి గొంతు విసుక్కుంది. "నేనేం చేస్తానమ్మా? కడుగుతాను, ఆరబెడతాను, ఎలా ఉంటే అలా మీ చేతికిస్తాను."

"బయల్దేరుతున్నాను" అంది పెద్దమ్మ.

అక్కడికి ఒక పగలూ ఒక రాత్రీ రైలు ప్రయాణం. స్టేషనులో తమ్ముడు ఆమె సంచి వదల్లేదు. "నింపమన్న రోజు దగ్గరికొచ్చేసింది అక్కా."

"సగంలో ఆపు."

"ఆపితే ఉద్యోగం ఊడుతుంది."

"నింపితే?"

అతను సంచి ఇచ్చేశాడు.

ఇంటికొచ్చేసరికి భార్య పరుపులు చుట్టి వాకిట్లో పెట్టింది. "వదిన స్టూడియో తాళంచెవి ఇవ్వండి. నేనిక ఈ కప్పు కింద పడుకోను." రేకుల మీద చుక్కలు నిన్నటికంటే దగ్గర దగ్గరగా పడుతున్నాయి. ఇద్దరూ ఇరుగుపొరుగు తలుపులు తట్టారు. ఫోటోల సంగతి అప్పటికే వీధంతా తెలుసు. "నున్నటి గోడకు భయపడి ఇల్లు వదలమంటావా?" అని నవ్వారు. ఒక్కరూ కదల్లేదు.

సాయంత్రం ఇంజినీరు ఫోను చేశాడు. "నీకు చేతులు రాకపోతే చెప్పు. ఇరవయ్యో తేదీ పొద్దున నేనే వచ్చి వాల్వు తిప్పిస్తాను."

"అక్క వచ్చేదాకా ఆగండి సార్. ఈసారి నెగెటివ్‌లే తెస్తోంది."

"ఎప్పుడొస్తుంది?"

"రీలు ఆరాలి కదా సార్. ఇరవై రెండో తేదీకి."