ఎదురింటి రెండో గొంతు

మా వీధిలో పై అంతస్తుల వాళ్ళెవరూ ఊరికే కిందికి దిగరు. ప్రతి వరండా నుంచీ వీధి దాకా ఒక తాడు వేలాడుతుంటుంది. కింది కొసన ఒక క్లిప్పు, పై కొసన ఒక చిన్న గంట. ఎవరైనా తాడు లాగితే పైన గంట మోగుతుంది. పేపరో, కరెంటు బిల్లో, కొత్తిమీర కట్టో క్లిప్పుకు తగిలిస్తే పైకి లాక్కోవడమే. బర్మాలో, బోటాటౌంగ్ రేవుకు దగ్గర్లో, మూడో అంతస్తులో, ఇనుప ఊచలు బిగించిన అలాంటి వరండా వెనకే నేను పుట్టి పెరిగాను. మా తాత సిక్కోలు వైపు నుంచి రేవులో మూటలు మొయ్యడానికి వచ్చాడట. మూటల పని ఎప్పుడో పోయింది, మేం మిగిలాం. నేనొక పళ్ళ డాక్టరు దగ్గర కౌంటర్లో కూర్చుంటాను. ఇంట్లో నేనూ మా అమ్మా, అంతే.

ఎదురు మేడలో సరిగ్గా మా వరండాకు ఎదురుగా ఉండే ఆమెను నేను అప్ప అని పిలిచేదాన్ని. మా వాళ్ళలో అక్కను అలాగే అంటాం. రక్తసంబంధం ఏమీ లేదు, వాళ్ళ పెద్దలూ మా పెద్దలూ ఒకే ఓడ దిగారు. సర్కారు బడిలో పంతులమ్మ. మొగుడు సరుకు ఓడల మీద ఉద్యోగం, ఎప్పుడో గానీ ఒడ్డుకు రాడు. నాకు ముక్కు మీద కోపం, ఆవిడకు నవ్వు. అందుకే మాకు కుదిరింది.

మా ఇద్దరికీ సంగీతం నేర్పినావిడ ఒక విదేశీయురాలు. అద్దె గదిలో ఆడవాళ్ళకు పాటలు నేర్పేది. మూడు నాలుగు వందల ఏళ్ళ కిందట, బరోక్ కాలం అంటారే, అప్పట్లో ఇటలీ మఠాల్లో కన్యాస్త్రీలు పాటలు కట్టేవారట. వాళ్ళు గుడిలో జనానికి కనబడకూడదు. గోడకు ఇనుప జాలీ, జాలీకి ఇవతల జనం, అవతల వీళ్ళు. గొంతు వినబడుతుంది, మనిషి కనబడదు. ఏ పాట ఎవరి నోట్లోంచి వస్తోందో బయటివాళ్ళకు ఎన్నటికీ తెలియదు. ఆ పాటలు పెట్టెల్లో పడి మగ్గి, ఇప్పుడిప్పుడే మళ్ళీ ఆడవాళ్ళ గొంతుల్లోకి వస్తున్నాయని ఆవిడ చెప్పింది. కరోనా రాగానే జిరాక్సు కాగితాలు మా చేతుల్లో పెట్టి విమానం ఎక్కేసింది.

అందులో ఒకటి రెండు గొంతుల పాట. మొదటి గొంతు దేవుణ్ణి ఎక్కడున్నావని అడుగుతుంది, ఆగుతుంది. ఆ ఆగిన చోట, ఎక్కడో మరుగు నుంచి, రెండో గొంతు ఆ మాటల తోకను మాత్రమే తిరిగి పలుకుతుంది. మొదటిది నాది, రెండోది అప్పది. కింద ఒక వాయిద్యం నడవాలి. దానికి ఒక్క వరుస స్వరాలూ, వాటి కింద అంకెలూ మాత్రమే రాసి ఉంటాయి, మిగతాది వాయించేవాళ్ళు అల్లుకోవాలి. మాకు దొరికిన వాయిద్యకారిణి మా అమ్మ, రామాలయంలో భజనలకు హార్మోనియం వాయించే మనిషి.

"ఈ అంకెలేటే? ఇదేటి, కిరాణా సీటీయా?" అంది కాగితం చూసి. "నువ్వు పాడు, నాను ఎనకాల వస్తాను."

నిజంగానే వచ్చింది. అంకెలు చూడకుండా సరైన చోటికే వచ్చేది, నాకు ఒళ్ళు మండేది.

కరోనా రోజుల్లో గడప దాటే వీల్లేదు. సాయంత్రాలు నేను మా ఊచల వెనకా, అప్ప ఆవిడ ఊచల వెనకా నిలబడి వీధికి అడ్డంగా పాడుకునేవాళ్ళం. ఒక్క విషయంలోనే రోజూ పోట్లాట. అప్ప తన వరుస చివరి స్వరాన్ని ఊరుకోనిచ్చేది కాదు, దోసె అంచు ఎత్తినట్టు ఒక మెలిక తిప్పి వదిలేది.

"కాగితంలో లేదు కదా అది!" అని అరిచేదాన్ని ఇవతలి నుంచి.

"ఒలే, ఆ రోజుల్లో సివర్లు ఎవలిష్టం వాల్లు తిప్పుకునీవోరట! మేడమ్ సెప్పినాది, నువ్వే ఇనలేదు!"

"తప్పప్పా అది! అక్కడ అలా తిప్పకూడదు!"

ఆవిడ మళ్ళీ తిప్పేది. కింద కూరలమ్మేవాళ్ళు తలెత్తి నవ్వేవారు.

తర్వాతి ఫిబ్రవరిలో సైన్యం గద్దెనెక్కింది. రోజూ రాత్రి ఎనిమిది కాగానే ఊరు ఊరంతా గిన్నెలూ మూతలూ కొట్టడం మొదలుపెట్టింది. బర్మావాళ్ళు ఇంట్లోంచి పీడను తరమడానికి అలా కొడతారు. మా అమ్మ ఇత్తడి బిందె తీసి గరిటెతో బాదేది. మోత అయ్యాక అప్పా నేనూ పాడేవాళ్ళం. బడికి వెళ్ళనని అప్ప సమ్మెలో చేరింది. సమ్మె చేసిన పంతుళ్ళను ఇళ్ళకొచ్చి పట్టుకుపోతున్నారు. వెళ్ళిపో అప్పా అంటే, "ఎక్కడికెల్తానే, పాట సగం నాకాడుంది కదా" అని నవ్వేది.

ఒక మధ్యాహ్నం లారీ వచ్చింది. పైకి వెళ్ళిన సైనికులు ఉత్త చేతులతో దిగారు. అప్ప ముందే జారుకుంది. వాళ్ళు తలుపుకు తాళం వేసి సీలు కొట్టి పోయారు. నాకు ఊపిరి ఆడింది, వెంటనే కోపమూ వచ్చింది. నాతో ఒక్క మాట చెప్పకుండా పోతుందా? మోత మోగించిన ఇళ్ళ మీదికి రాళ్ళు విసురుతున్నారని వీధిలో గిన్నెలు ఒక్కొక్కటే ఆగిపోయాయి. ఎదురింటి వరండా చీకటిగా ఉండిపోయింది. తాడు మాత్రం వేలాడుతూనే ఉంది. గాలికి గంట ఎప్పుడైనా ఒకసారి మోగేది, నేను ఉలిక్కిపడి చూసేదాన్ని.

కొన్ని వారాలయ్యాక ఒక సాయంత్రం వరండాలో గిన్నెలు తోముతూ నాకు తెలియకుండానే మొదటి వరుస అన్నాను, అలవాటు కొద్దీ ఆగాను. ఎదుటి నుంచి జవాబు వచ్చింది. సన్నగా, గోడ లోపలి నుంచి వచ్చినట్టు, మాటల తోక మాత్రమే.

నా చేతిలోంచి గిన్నె జారింది. సీలు అలాగే ఉంది, ఆ ఇంటికి దీపం లేదు. రెండో వరుస పాడి ఆగాను. మళ్ళీ వచ్చింది. చివర మెలిక తిరిగింది.

వంటింట్లోకి పరిగెత్తాను. మా అమ్మ నా మొహం చూసి, ఏం విన్నావని అడగనైనా అడగలేదు.

"ఓలమ్మా, ఆ గుంట పోనాదే! ఎక్కడో సంపీసినారు. ఆత్మ ఇంటికొచ్చీసినాది!" అని వీధంతా వినబడేలా ఏడ్చింది. అప్పటికప్పుడు అన్నం అరటాకులో కట్టి, కిందికి దిగి, అప్ప తాడు క్లిప్పుకు తగిలించి దణ్ణం పెట్టి వచ్చింది. చుట్టుపక్కల బర్మా ఇళ్ళవాళ్ళు ఆత్మలకు అన్నం పెట్టడం తెలిసినవాళ్ళే. ఎవరూ నవ్వలేదు, ఆ మేడ గుమ్మం పక్క నుంచి నడవడం మానేశారు. తెల్లారేసరికి క్లిప్పు ఖాళీగా ఉంది. కాకులు తిన్నాయనుకుందామంటే ఆకు కూడా లేదు.

ఆ రోజు నుంచి రోజూ అన్నం, రోజూ ఖాళీ క్లిప్పు. నేను రోజూ పాడాను. భయం లేక కాదు, పాడుతున్నంతసేపూ నా వీపు చల్లబడిపోయేది. కానీ జవాబు రాకపోతే తట్టుకోలేననిపించేది. చచ్చిందో బతికిందో గాని, అటు పక్కన మా అప్ప ఉంది. నాకది చాలు. ఆ పాట ఇంకెవరి చెవిన పడుతుందో నేను ఆలోచించలేదు.

ఆలోచించినవాడు వార్డు ఆఫీసు మనిషి. ఒక పొద్దుగూకే వేళ ఇద్దరు సైనికుల్ని వెంటబెట్టుకుని మా గుమ్మంలోకి వచ్చాడు. ఎదురింట్లో దెయ్యం పాడుతోందని వీధంతా అంటున్నారట. దెయ్యమైతే ఫరవాలేదు, మనిషైతే తలుపు పగలగొడతామన్నాడు. నన్ను వరండాలో నిలబెట్టాడు.

"ఆ పాటే పాడు. అటు నుంచి పలికిందంటే వెళ్ళి చూస్తాం," అన్నాడు బర్మీస్‌లో.

అప్పుడు వెలిగింది నాకు. దెయ్యానికి అన్నం ఎందుకు, ఆకుతో సహా ఎందుకు? అప్ప బతికే ఉంది, వీధి అవతల ఆ ఊచల వెనక, నా గొంతు కోసం చెవులు రిక్కించుకుని కూర్చుని ఉంది. నేను పాడి ఆగితే పలుకుతుంది. పలకకుండా ఉండలేని మనిషి. పాడనంటే వీళ్ళు ఇప్పుడే తలుపు పగలగొడతారు. కేకేసి చెబుదామంటే సైనికుడు నా భుజం పక్కనే ఉన్నాడు.

వెనక హార్మోనియం తిత్తి ఊపిరి పోసుకున్న చప్పుడైంది. ఎవరూ అడక్కుండానే మా అమ్మ వచ్చి కూర్చుంది.

మొదటి వరుస పాడాను. చివరికి వచ్చాను. ఆగలేదు. ఊపిరి కూడా తీసుకోకుండా రెండో వరుసలో పడ్డాను, దాని మీద మూడోది. అప్ప కోసం ఎప్పుడూ వదిలే చోటును ప్రతిసారీ నా గొంతుతో మూసేశాను. మా అమ్మ హార్మోనియం మెట్ల మీంచి వేళ్ళెత్తకుండా ఆ ఖాళీలను మోతతో నింపేసింది. మాటలు ఒకదాని మీద ఒకటి ఎక్కి తొక్కుకున్నాయి. అంత అసహ్యంగా నేనెన్నడూ పాడలేదు. ఒక్కచోట, నాలుగో వరుస దగ్గర, నా ఊపిరి నిజంగానే తెగింది. ఆ లిప్తలో ఎదుటి నుంచి ఎవరో గాలి లోపలికి పీల్చినట్టు వినబడింది. ఎదురు ఊచల మీదే కళ్ళు పెట్టి మళ్ళీ అందుకున్నాను.

పాట అయిపోయింది. ఎదుటి ఇల్లు పలకలేదు. గంట కూడా కదల్లేదు.

"ఇదేం పాట? ఊపిరి పీల్చుకోవడానికైనా చోటు లేదు," అని విసుక్కున్నాడు వార్డు మనిషి. వీధిలోకి దిగాక ఎదురు మేడ వైపు ఒకసారి చూసి, తల వంచి చేతులు జోడించి, గబగబా పోయాడు.

మా అమ్మ హార్మోనియం మూసింది.

"ఎనక సందులో ఇనప మెట్లున్నాయి కదే. లారీ వచ్చిన రేత్రే తిరిగొచ్చీసినాది, ఎల్లడానికి దారి లేక. మొదట్లో కూడు ఆ మెట్ల మీదే ఎట్టీదాన్ని. దెయ్యంలాగుండమని నానే సెప్పినాను. పాడమని సెప్పలేదు, ఆ గుంట ఆగలేదు."

"నాకెందుకు చెప్పలేదు?"

"నీకు సెప్తే? ఎదర నిలబడి తిట్టీద్దువు, ఈదంతా ఇనిపించీద్దువు."

ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి నాకు. మర్నాడు క్లిప్పుకు అన్నం పొట్లం అలాగే వేలాడుతోంది. ఆ మర్నాడూ అంతే. అప్ప వెళ్ళిపోయింది, లేదా పట్టుబడింది. ఏదో తెలియలేదు. మళ్ళీ సాయంత్రాలు పాడాను, ఆగవలసిన చోటల్లా ఆగాను. ఇప్పుడు పలకొచ్చు అప్పా, అని నా ఉద్దేశం. నేను మూసిన ఆ చోటు మూసుకుపోయే ఉంది. ఇక ఎన్నడూ పలకొద్దన్నానని అర్థం చేసుకుందేమోనని కుమిలిపోయాను. కొన్నాళ్ళకు పాడటం మానేశాను.

వానలు వెళ్ళాక ఒక పొద్దున్న పళ్ళు తోముకుంటున్నాను. కింద ఉడికించిన బఠాణీలమ్మే ఆమె అరుపు వినబడింది. నెత్తిన పళ్ళెంతో ఇలాంటివాళ్ళు రోజూ నది దాటి వస్తారు, ఒక్కొక్కరిది ఒక్కో రాగం. ఈమెది కొత్త గొంతు. బఠాణీల పేరు ఎత్తింది, సాగదీసింది, చివర మెలిక తిప్పింది.

నోట్లో నురగతోనే మెట్లన్నీ దిగేశాను. మా వీధిలో దిగి కొనేవాళ్ళెవరు? ఆమె నన్ను ఎగాదిగా చూసింది.

"ఈ అరుపు ఎవరు నేర్పారు నీకు?"

"నది అవతల ట్వంటేలో మా పక్కింట్లో ఒక పంతులమ్మ దాక్కుని ఉండేది. సరిహద్దు వైపు వెళ్ళిపోతూ నేర్పింది. ఈ వీధిలో ఇలా అరిస్తే మూడో అంతస్తు నుంచి ఒకామె పరిగెత్తుకుంటూ వస్తుందంది."

నా కళ్ళలోంచి నీళ్ళు బొటబొటా కారాయి. ఏమనాలో తెలియక నోటికి వచ్చిందే అన్నాను.

"తప్పు. అక్కడ అలా తిప్పకూడదు."

బఠాణీలామె పళ్ళెం దించి గట్టిగా నవ్వింది.

"ముందు అదే అంటారని కూడా చెప్పింది," అంది.