సారు గడ్డికి మా పెంట

"సారుకిస్తనని మాటిచ్చిననమ్మా. రేపు పొద్దుగాల ట్రాక్టరొస్తది."

"ఎవరి పెంట ఎవరికిస్తవురా? ఒక్కనాడన్న పిడికెడు పేడ ఎత్తినవా నువ్వు?"

"పెంటకు గింత లొల్లి ఏంది? పోతే పెరట్ల కంపన్న పోతది."

"కంపు కొట్టేది పచ్చి పెంట. నా గుంతల చెయ్యి వెట్టి వాసన జూడు, గప్పుడు మాట్లాడు."

నా కొడుకు చెయ్యి పెట్టలేదు. బూట్లకు మట్టి అంటుతుందని గుంతకు నాలుగడుగుల దూరంలో నిలబడి, ఆఫీసుకు ఆలస్యమైందని వెళ్లిపోయాడు. వనపర్తిలో కొత్తిల్లు కట్టుకొని మేము అందులో రెండు వానకాలాలు గడిపిన తర్వాతి సంగతి ఇది.

వాడి పెద్దసారు తన క్వార్టరు ముందు లాన్ కావాలని హైదరాబాదు నుంచి గడ్డి తెప్పించి పరిపించాడట. దాని కింద పచ్చి పేడ పోయించాడట. పచ్చి పేడ మట్టిలో మాగేటప్పుడు వేడి పుడుతుంది, లేత వేళ్లను కాలుస్తుంది. గడ్డి పసుపుపచ్చగా మాడిపోయింది. మాగిన పెంట ఎరువు ఎక్కడ దొరుకుతుందని ఆయన అడిగీ అడగకముందే, మా ఇంట్లో ఉంది సార్ అని వీడు చేతులు కట్టుకొని చెప్పి వచ్చాడు. నన్నొక మాట అడగలేదు. ఇప్పుడు తలచుకున్నా నాకు ఒళ్లు మండుతుంది.

ఇల్లు కట్టేటప్పుడు మేస్త్రీలు పెరడును నాశనం చేశారు. సిమెంటు కలిపిన చోటును అట్లనే వదిలేశారు. పునాదిలోంచి తీసిన మొరం తెచ్చి మంచి మట్టి మీద పరిచారు. మొదటి ఏడు నేను చిక్కుడు గింజలు పెడితే, మొలకలు వేలెడంత లేచి వాడిపోయాయి. తవ్వి చూస్తే బెత్తెడు లోతులో ఇటుక ముక్కలు, గట్టిపడ్డ సిమెంటు గడ్డలు. నీళ్లు పోస్తే ఇంకేవి కావు, పైనే నిలబడేవి. అప్పటి నుంచి కొత్తిమీర కట్ట కూడా కొనుక్కోవాల్సి వచ్చింది. బుద్ధెరిగిన నాటి నుంచి ఆకుకూర కొన్న మనిషిని కాను నేను.

అందుకే పెరట్లో ఒక మూలన పెంట కోసం గుంత తీయించాను. వెనక వీధిలో బర్రెలున్న ఇంటి నుంచి పేడ తట్టలో మోసుకొచ్చాను. కానుగాకు, కూరగాయల తొక్కలు, పేడ పొరలు పొరలుగా వేసి, ఎండినప్పుడల్లా బియ్యం కడిగిన నీళ్లు చల్లి మట్టి కప్పాను. దీపావళికి దాని మీద దీపం పెట్టాను. బిజినేపల్లి దగ్గర మా పుట్టినూర్లో ఆ పండుగ నాడు పెంటకుప్ప మీద దీపం పెట్టని ఇల్లు ఉండేది కాదు. కాలనీలో అందరూ నవ్వారు. కోడలు సిగ్గుపడి లోపలికి పోయింది. అట్లా దీపం పెట్టి కాపాడుకున్నది ఎవరో తొందరపడి మాడ్చుకున్న గడ్డికి ధారపోయాలా?

వాడి బండి చప్పుడు వీధి మలుపు తిరగగానే గడ్డపార తీశాను. పెరడు తవ్వుతూ మేస్త్రీలను తిట్టాను, సారును తిట్టాను, కన్న పాపానికి నన్ను నేనూ తిట్టుకున్నాను. కోడలు గడపలో నిలబడి చూసింది. కంపు కంపని కొడుకుకు నూరిపోసింది కూడా ఆమెనే. అది కూడా గట్టిగానే అన్నాను. ఆమె కొంగు నడుముకు దోపుకొని వచ్చి, నేను తీసిన ఇటుక ముక్కలను తట్టకెత్తి గేటు పక్కన కుప్ప పోయడం మొదలుపెట్టింది.

గుంత మీది మట్టి తీస్తే లోపలంతా నల్లగా, చేత్తో నలిపితే పొడిపొడిగా రాలింది. కోడలు గుప్పెడు తీసి ముక్కు దగ్గర పెట్టుకుంది.

"కంపే లేదు గదత్తా."

"ఏడాది సంది గదే మొత్తుకుంటున్న."

"మరి ఆయనకేం జెప్తవ్?"

"జెప్పేదేముంది? కండ్లున్నయి గద, సూస్తడు."

తవ్విన మట్టి మీద పెంట పరిచి, పారతో అడుగు లోతు దాకా కలిపి, తడిపి, తడి ఆరకుండా కానుగాకు కప్పాం. పొద్దు గూకే వేళకు గుంత ఖాళీ.

కొడుకు వచ్చి చూశాడు. సారుకు ముఖం ఎట్లా చూపించాలన్నాడు. పచ్చి పేడ తీసేసి కొత్తది మాగేదాకా ఆగమని చెప్పు, ఆగలేకుంటే బండలు పరుచుకోమను అన్నాను. వాడు అన్నం తిననని అలిగాడు. తినకు, పొద్దున పోపు పెడతానన్నాను.

తెల్లారి ట్రాక్టరు వచ్చింది. డ్రైవరు గుంతలోకి తొంగిచూసి, పెంట ఏదని అడిగాడు. కొడుకు నా వంక చూశాడు. నేను గేటు పక్కనున్న ఇటుక ముక్కల కుప్ప చూపించాను. నా కొడుకు అంగీ చేతులు మడుచుకొని, ట్రాక్టరుతో వచ్చిన కూలీలతో కలిసి ఆ రద్దంతా ఊరవతల పోసి రమ్మని ట్రాక్టరులోకి ఎత్తాడు. తర్వాత చేతులు కడుక్కొని, పోపు పెట్టిన అన్నం తిని ఆఫీసుకు పోయాడు.