బ్యాటరీలో పోసిన బావి నీళ్ళు

మా చిన్నప్పుడు... మా ఇంటికి చక్రాలుండేవి. నిజంగానే. ఇబ్రహీంపట్నం అవతల మా పొలం కొని ప్లాట్లు వేసినవాళ్ళు, దాని నడుమ ఒక రేకుల గది తెచ్చి నిలబెట్టారు. ట్రాక్టర్‌కు తగిలించి ఎక్కడికంటే అక్కడికి లాక్కెళ్ళే గది. ముందు సగం వాళ్ళ ఆఫీసు. వెనక సగంలో కాపలా కుటుంబం... అంటే మేమే.

హైదరాబాదు చుట్టూ భూములకు రెక్కలొచ్చిన రోజులు. అటు మహేశ్వరం, ఇటు నాదర్‌గుల్, ఎటు చూసినా సున్నం గీతలూ రంగు జెండాలే. అందరితోపాటు మా బాపు, చిన్నాయనలు కూడా అమ్మేశారు. వచ్చింది వచ్చినట్టే వాటాల్లో పోయింది. కానీ నాయనమ్మ మాత్రం కదలనంది. "నా పాణం గీ చెల్కలనే పోవాలె" అని ఒకటే మాట. ఆమె కోసమే బాపు సిగ్గు చంపుకుని, తను దున్నిన చోటనే కాపలా పని అడిగి తెచ్చుకున్నాడు.

అక్కడికి ఇంకా కరెంటు స్తంభాలు రాలేదు. గదిలో లైటు, ఫ్యాను, గేటు మీద కమాను దీపాలు... అన్నీ మంచం కింద ఉన్న రెండు పెద్ద ఇన్వర్టర్ బ్యాటరీల మీదే. అవి మా దగ్గరికి వచ్చేనాటికే చచ్చి ఉన్నాయి. అంతకుముందు సైటులో ఎవరో పూర్తిగా వాడేసి, నెలల తరబడి అలాగే పడేశారట. కొత్తవి ఇచ్చేది లేదని మేనేజరు ముందే చెప్పేశాడు. ఆదివారం సాయంత్రం కార్లలో కొనేవాళ్ళు వస్తారు, వాళ్ళు వెళ్ళేదాకా కమాను వెలగాలి, వెలగకపోతే వేరేవాళ్ళను పెట్టుకుంటానన్నాడు. అంటే నాయనమ్మ కోరిక ఆ రెండు డబ్బాల మీద ఆధారపడిందన్నమాట.

బాపు ట్రాక్టర్ నడిపిన మనిషి. వేడి నీళ్ళలో తినే సోడా కలిపి, వైర్లు బిగించే బిళ్ళల మీద పేరుకున్న తెల్లటి పొడంతా పాత బ్రష్షుతో కడిగాడు. మూతలు విప్పి, దుకాణంలో అమ్మే బ్యాటరీ నీళ్ళు కొలిచినట్టు పోశాడు. ఒక్కొక్కటీ మోపెడ్ మీద కాళ్ళ నడుమ పెట్టుకుని ఇబ్రహీంపట్నం మోసుకెళ్ళాడు. బ్యాటరీల దుకాణం సాయిలన్న, ఆగం చేస్తే లాభం లేదు, చార్జింగు మెల్లగా ఎక్కించాలన్నాడు. మెల్లగానే ఎక్కించారు. అవి మళ్ళీ లేచాయి! దిగిపోయినప్పుడల్లా బాపు అలాగే మోసుకెళ్ళి ఎక్కించుకొచ్చేవాడు.

ఇక ఇంట్లో కొత్త చట్టం. ఫ్యాను వేస్తే లైటు బందు. లైటు కాస్త మసకేస్తే అన్నీ బందు. వాటి మీద చెయ్యి వేసే హక్కు బాపుకు తప్ప ఎవరికీ లేదు. తనకు జ్వరమొచ్చినా ఇంత సేవ చేయలేదని అమ్మ దెప్పేది.

మా పాత బావిని ప్లాటు కోసం మట్టితో పూడ్చేశారు. పూడ్చే ముందు నాయనమ్మ ఒక ఇత్తడి బిందె నిండా నీళ్ళు చేదుకుని, గుడ్డ కట్టి మూలన పెట్టుకుంది. రోజూ పొద్దున ఒక్క గుక్క... తీర్థం తీసుకున్నట్టు. మమ్మల్ని ముట్టనిచ్చేది కాదు.

ఎండలు ముదిరాయి. ఒకరోజు లైట్లు మసకేశాయి. మరునాడు బాపు బ్యాటరీ నీళ్ళ కోసం ఇబ్రహీంపట్నం పోయాడు. ఆయన అక్కడి నుంచి, నేను బడి నుంచి, ఇద్దరం ఒకేసారి గదికి వచ్చాం. మూలన బిందె బోర్లించి ఉంది. బ్యాటరీల మూతలు తీసి ఉన్నాయి. నీళ్ళు గొంతుదాకా ఉన్నాయి.

నాయనమ్మ ముఖంలో ఎంత సంతోషమో. "దాహమైతున్నట్టున్నది బిడ్డా... మన బాయి నీళ్లు పోసిన. గన్ని పంటలు పండిచ్చిన నీళ్లు, గీటికి పాణం పొయ్యవా?" అంది.

బావి నీళ్ళలోని ఉప్పు బ్యాటరీని చంపేస్తుందని తెలిసిన బాపు, నీళ్ళు పీల్చే రబ్బరు బుడ్డి చేతిలోకి తీసుకున్నాడు. దాంతో ఆ నీళ్ళు తోడి పారబోయొచ్చు. మా బావివి ఇక మిగిలిన నీళ్ళు అవే కదా... చేతులు రాలేదు. "అవ్ అమ్మా, పోస్తయి" అని మూతలు బిగించాడు.

సాయిలన్నకు తెలియకుండా వేరే దుకాణంలో చార్జింగుకు పెడితే ఆమ్లమంతా పొంగి బయటికొచ్చింది. ఆ ఆదివారం, కొనేవాళ్ళు ఇంకా ప్లాట్లలో తిరుగుతుండగానే కమాను ఆరిపోయింది. మేనేజరు సాయిలన్నను పిలిపించి చూపించాడు. బాయి నీళ్ళు ఎవరు పోశారని సాయిలన్న అడిగాడు. నాయనమ్మ లోపల మంచం మీద ఉంది, ఆమెకు చెవులు సరిగా వినపడవు.

"నేనే పోసిన" అన్నాడు బాపు.

అంత జాగ్రత్త గల మనిషి, బయట అందరి ముందూ, గింత కూడా తెల్వదా అని మాటలు పడ్డాడు. ఇప్పటికీ అది తలుచుకుంటే నాకు ఏడుపు వస్తుంది.

గది ఖాళీ చేసిన రోజు కొత్త కాపలా ఆయన సామాన్లతో దిగుతున్నాడు. నాయనమ్మ ఆటో ఎక్కబోతూ ఆగి అతనితో చెప్పింది. "నాయనా, గా బ్యాటరీలల్ల మా బాయి నీళ్లున్నయి. జర పైలంగ చూస్కో."

బాపు అటు తిరిగి నిలబడ్డాడు. ఏడాది తిరక్కుండానే ఇబ్రహీంపట్నంలో అద్దె గదిలో నాయనమ్మ పోయింది. అసలు సంగతి ఆమెకు తెలియనివ్వలేదు.

ఇప్పుడక్కడన్నీ మేడలే... మా బావి ఏ ఇంటి కింద ఉందో బాపు కూడా చూపించలేడు. ఎండాకాలం ఆ వీధుల్లోకి నీళ్ళ ట్యాంకర్లు వస్తాయి. ఈ కాలపు బ్యాటరీల్లో చాలావాటికి నీళ్ళు పోసే పనే లేదట, మూతే రాదట.

మీ ఇళ్ళలో కూడా పొలం పోయాక పెద్దవాళ్ళు ఏదో ఒకటి దాచుకునే ఉంటారు... అది చివరికి ఏమైందో రాయండి. ఎంత పెద్దగా రాసినా చదువుతాను.