బరువుల వార్డు

మా అమ్మ నర్సుగా చేరిన కొత్తలో ఎముకల వార్డుని అందరూ బరువుల వార్డు అనేవారు. తొడ ఎముక విరిగినవాళ్ళకి మోకాలి కింద ఒక కడ్డీ గుచ్చి, దానికి తాడు కట్టి, మంచం చివరనున్న కప్పీ మీదుగా ఇనుప బరువు వేలాడదీసేవారు. ఎముక అతుక్కునేదాకా మనిషి అలా వెల్లకిలా పడి ఉండాల్సిందే. నెలల తరబడి.

పొద్దున్నే అమ్మ చేసే మొదటి పని, ఏ బరువూ నేలకి ఆనకుండా వేలాడుతోందా అని చూడటం. తర్వాత వీపులు. పుండ్లు పడకుండా తుడిచి, పౌడరు అద్ది, దుప్పటి ముడతలు సరిచేసేది. ఎవరి పెళ్ళాం అలిగిందో, ఎవరి మేనకోడలికి సంబంధం కుదిరిందో అన్ని మంచాలకీ తెలుసు. పేకాటలో పోట్లాడుకుని మాటలు మానేసినవాళ్ళు, లేచి వెళ్ళే వీలు లేక సాయంత్రానికల్లా కలిసిపోయేవారు.

నాన్న అప్పట్లో బస్సు డ్రైవరు. చక్రం మారుస్తుంటే జాకీ జారి తొడ విరిగింది. నోరు మాత్రం బ్రహ్మాండంగా పనిచేసేది. వచ్చిన రోజు నుంచే అమ్మని కాల్చుకు తిన్నాడట.

"సిస్టర్, ఈ బరువు కాస్త తగ్గించండి. కాలు సాగిపోతే మా అమ్మ నన్ను గుర్తుపట్టదు."

"నోటికి కూడా ఒకటి వేలాడదీయమని డాక్టరుగారికి చెప్తాను. పడుకోండి."

వార్డంతా పగలబడి నవ్వింది.

నాన్న పక్క మంచంలో తుంటి విరిగిన దర్జీ తాత ఉండేవాడు. ఆ వయసులో కదలకుండా పడుకుంటే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. ఆయనకీ అదే జరిగింది. తాత పోయాక నాన్న నోరు మూతపడింది. అన్నం కూడా ముట్టలేదు. అమ్మ డ్యూటీ దిగాక ఇంటికి వెళ్ళకుండా స్టూలు లాక్కుని అతని పక్కన కూర్చుంది. ఏం మాట్లాడుకున్నారో ఇద్దరూ ఇప్పటికీ చెప్పరు.

బరువు తీసేసరికి నాన్న కాలు వేలెడంత పొట్టిదై అతుక్కుంది. పెళ్ళి మాట ఎత్తగానే అమ్మమ్మ నెత్తీ నోరూ బాదుకుంది. "కుంటివాణ్ణి చేసుకుంటావటే?"

"విరిగిన కాలే అతికేదాకా చూసుకున్నాను. మిగతా మనిషిని చూసుకోలేనా?" అంది అమ్మ.

నేను బళ్ళో చదివే రోజుల్లో ఆసుపత్రికి కొత్త సర్జన్ వచ్చాడు. ఎముక లోపలి బోలులోకి రాడ్డు దించి స్క్రూలు బిగిస్తే చాలు, మర్నాడే కూర్చోబెట్టవచ్చు అన్నాడు. మొదట్లో అంతా సవ్యంగా సాగలేదు. ఒక వెల్డరు కాలికి చీము పట్టి రాడ్డు తీసేయాల్సి వచ్చింది. ఆ రోజు సర్జన్ డ్రెస్సింగు గదిలో తల దించుకుని కూర్చున్నాడట. అమ్మ టీ తెచ్చిచ్చి, "తాగండి బాబూ, రేపు మళ్ళీ చేయాలిగా" అంది. మెల్లగా ఆపరేషన్ థియేటరులో శుభ్రత పద్ధతులు మారాయి. ఎముకని తెర మీద చూస్తూ రాడ్డు దించే ఎక్స్‌రే యంత్రం వచ్చింది. కప్పీలు ఒక్కొక్కటే మంచాల నుంచి ఊడిపోయాయి.

"మంచిదేగా" అనేది అమ్మ ఇంట్లో చెప్పులు విప్పుతూ. "కానీ మొహం గుర్తుండేలోపే వెళ్ళిపోతున్నారే."

నిరుడు అమ్మ స్నానాలగదిలో జారిపడింది. తుంటి విరిగింది. స్ట్రెచర్ మీద నా చేయి గట్టిగా పట్టుకుని, "ఆ దర్జీ తాతలాగే నేనూ..." అని ఆగిపోయింది.

డాక్టరమ్మ దాచకుండా చెప్పింది. "ఎముక గుల్లబారింది, స్క్రూలు నిలవవు. తుంటిలో విరిగిన ఎముక బంతి తీసేసి లోహంది పెడతాం. ఈ వయసులో భయం లేదని అనను. కానీ మంచాన ఉంచితే ఇంకా భయం."

ఆపరేషన్ బాగా జరిగింది. మర్నాడే ఫిజియోథెరపీ అమ్మాయి వాకర్ తెచ్చింది. "లేవండి అమ్మమ్మగారూ."

"నిన్న కోసి ఇవాళ నడవమంటారా? మా రోజుల్లో ఐతేనా..."

"మీ రోజుల్లో ఐతే నేను నాలుగు నెలలు నీ పక్కన స్టూలు మీద కూర్చోవాలి. నా నడుం సంగతి చూడవే, లే" అన్నాడు నాన్న.

అమ్మ వణుకుతూ లేచింది. కిటికీ దాకా నడిచి, వెనక్కి తిరిగి మమ్మల్నందరినీ చూసింది. కళ్ళు నిండిపోయాయి.

ఇంటికి పంపే రోజు బట్టలు సర్దాను. అమ్మ చక్రాల కుర్చీ ఎక్కలేదు. వాకర్ పట్టుకుని పక్క మంచం తెర తొలగించింది. అక్కడ చేతికి కట్టుతో ఒకావిడ ఫోన్ చూసుకుంటోంది.

"ఇన్నాళ్ళూ పక్కనే ఉండి పలకరించనేలేదు. ఎక్కడ పడ్డావమ్మా?" అంది అమ్మ.

ఆవిడ ఫోన్ పక్కన పెట్టి, మొదలెట్టింది. కథ మెట్ల దగ్గర మొదలై కోడలి దాకా వెళ్ళింది. కుర్చీ తోసే ఆయన గుమ్మంలో కాసేపు నిలబడి చూశాడు. చివరికి ఆ కుర్చీలో తనే కూర్చుని వినసాగాడు.