చత్రు లేపిన అంగుళం

మహబూబాబాద్ చుట్టుపక్కల పాత జీపు ఉన్నవాళ్లకు చత్రు పేరు తెలియకుండా ఉండదు. బయ్యారం దగ్గరి తండాలో పుట్టి, దంతాలపల్లిలో ట్రాక్టర్ల కింద పడుకుని పని నేర్చుకుని, బస్టాండు వెనక సొంతంగా రేకుల షెడ్డు వేసుకున్నాడు. తన చేతులతో కోసి చేసిన ప్రతి ఇనుప ముక్క మీదా సుత్తితో ‘చ’ అని కొట్టేవాడు. పని చెడితే ఎవరిని అడగాలో తెలియాలి కదా అనేవాడు.

పన్నెండేళ్లు అతని పక్కన పనిచేసింది భార్య గోరీ తమ్ముడు మహేశ్. పెళ్లయి ఇద్దరు పిల్లలున్నవాడు. చత్రు తనకు తెలిసిన ఏ ఒక్క పనినీ అతని దగ్గర దాచుకోలేదు.

మొన్న వానాకాలం ముందు, జనగామలో విడిభాగాల దుకాణం ఉన్న శివప్రసాద్ తన ఫోర్‌వీల్ జీపు తీసుకొచ్చాడు. అడవి దారుల కోసం దాన్ని నాలుగంగుళాలు ఎత్తు పెంచుకున్నాడు. అప్పటి నుంచి వేగం అరవై దాటితే చాలు, బండి మొత్తం వణుకుతోంది.

చత్రు కిందికి దూరి చూశాడు. బండి లేచింది గానీ వెనక చక్రాల ఇరుసు ఉన్నచోటే ఉంది. గేర్‌బాక్స్ నుంచి ఇరుసుకు పోయే షాఫ్టు బాగా ఏటవాలుగా పడి, దాని కీళ్లు నలుగుతున్నాయి.

“ఇంజిన్ ముందు భాగం ఒక్క అంగుళం లేపుతా సేటూ. ముందు లేస్తే గేర్‌బాక్స్ తోక కిందికి వంగుతది. షాఫ్ట్ సక్కగైతది” అన్నాడు.

దిట్టమైన ఇనుప పలకలు కోసి, ఇంజిన్ కూర్చునే రబ్బరు దిమ్మల కింద బిగించాడు. వణుకు చాలావరకు పోయింది. శివప్రసాద్‌కు అది చాల్లేదు.

“ఇంకో అంగుళం లేపరాదు?”

“లేపద్దు. రేడియేటర్ ఆడనే ఉంటది, ఫ్యాన్ ఇంజిన్‌తోని పైకొస్తది. కవర్‌కు తగుల్తది.”

మరుసటి వారం చత్రు షెడ్డును మహేశ్‌కు అప్పజెప్పి తండాలో పెళ్లికి వెళ్లాడు. అతను తిరిగొచ్చిన మూడో రోజు చెల్పూర్ దగ్గరి అడవి నుంచి శివప్రసాద్ ఫోన్ చేశాడు.

“ఏం పని జేసినవ్ చత్రూ? వాగుల దిగంగనే ఫ్యాన్ పోయి రేడియేటర్ల గుచ్చుకున్నది. తోటి జీపులోళ్లందరి ముంగట ఇజ్జత్ పోయింది.”

రెండు బస్సులు మారి వెళ్లాడు చత్రు. తోడుగా శివప్రసాద్ వెంట పోయిన మహేశ్ అప్పటికే అక్కడున్నాడు. దారి పొడుగునా చత్రు తననే అనుమానించుకున్నాడు. ఏ బోల్టు వదులుగా వదిలాను? కొలత ఎక్కడ తప్పాను?

బానెట్ ఎత్తి చూస్తే దిమ్మల కింద తన పలకలు లేవు. ఎవరో పైపు ముక్కలు రెండంగుళాలకు కోసి పెట్టారు. ఒకటి నలిగి పక్కకు ఒరిగింది.

“గివి నావి కావు” అన్నాడు చత్రు.

శివప్రసాద్ మహేశ్ వైపు తిరిగాడు. “మీ బావ ఒప్పుకున్నడంటివి కదా?”

మహేశ్ నేల చూశాడు. తరువాత తలెత్తి, చత్రు కళ్లలోకి సూటిగా చూస్తూ అన్నాడు: “నువ్వే గదా బావా, రెండంగుళాలు లేపుమని ఫోన్ల జెప్పింది.”

తప్పు చేసి భయపడితే చత్రు అర్థం చేసుకునేవాడు. ఇంత నిలకడగా అబద్ధం ఆడటం వీడెప్పుడు నేర్చుకున్నాడు? షెడ్డులో తన పక్కన కూర్చుని అన్నం తింటూనే నేర్చుకున్నాడా?

చత్రు పానాల కోసం జీపులోని పనిముట్ల పెట్టె తెరిస్తే అడుగున ‘చ’ గుర్తున్న పలకలు దొరికాయి. వాటిని శివప్రసాద్ చేతిలో పెట్టాడు.

“అంగుళం దాటొద్దని నీ ముంగట్నే జెప్పిన సేటూ. వద్దన్నోన్ని వారం తిరగంగనే ఎట్ల జెయ్యుమంట?”

శివప్రసాద్‌కు ఆ మాట గుర్తుంది. అతను మహేశ్‌ను ఏమీ అనలేదు. చత్రు ఆ వాగు ఒడ్డునే తన పలకలు మళ్లీ బిగించి, బండిని లాక్కుపోయేందుకు సిద్ధం చేసి బస్సెక్కాడు.

నెల తిరగకముందే శివప్రసాద్ జనగామలో షెడ్డు తెరిచి మహేశ్‌ను అందులో పెట్టాడు. కారణం అడిగినవాళ్లతో, “చత్రు పనిమంతుడే, కానీ నాకు చెప్పింది జేసేటోడు కావాలె” అన్నాడట. ఆ షెడ్డు ఆశ మహేశ్‌కు ముందే చూపించాడని చత్రుకు అప్పుడు తెలిసింది.

వెళ్లే ముందు మహేశ్ ఇంటికొచ్చి, గుమ్మంలో నిలబడి తమ తండా భాషలో ఏదో చెప్పబోయాడు. చత్రు తెలుగులో, బండి తీసుకుపోయే కొత్త గిరాకీతో మాట్లాడినట్టు, “మంచిది, పోయి రాండ్రి” అన్నాడు. లోపలున్న గోరీ ఆ మాట విన్నది. తమ్ముడి కోసం బయటికి రాలేదు. ఆ పూట ఇంట్లో ఎవరూ సరిగా తినలేదు.

ఇప్పుడు చత్రు ఒక్కడే పని చేస్తున్నాడు. ఇంజిన్ కింద జాకీ పెట్టి, అటువైపు పట్టుకొమ్మని పిలవబోయి, మాట మింగి, తానే లేచి అటు పోతాడు.