మెరూన్ టై, తెల్ల రుమాలు

తొండియార్‌పేటలో మాది సూట్లు కుట్టే కొట్టు. మా వైపు పెళ్లికి ముందురోజే జరిగే రిసెప్షన్‌కి ఇంటికి వెళ్లి పెళ్లికొడుక్కి టై కట్టి, కోటు జేబులో రుమాలు మడిచి పెట్టడం కూడా మా పనే.

రెండేళ్ల కిందట ఒక ఉదయం, ఆ వచ్చే ఆదివారం రిసెప్షన్, మర్నాడు పెళ్లి ఉన్న కుర్రాడి సూటు కోసం వాళ్లన్న ముందుగానే వచ్చాడు. పెళ్లికూతురి చీరకు సరిపోయేలా తమ్ముడు అంతకుముందే వచ్చి మెరూన్ టై ఎంచుకుని వెళ్లాడు. రుమాలే మిగిలింది. టై గుడ్డతోనే రుమాలు పెడితే బ్యాండు మేళం వాళ్లలా ఉంటుందని నా పట్టుదల. ఆరేడు రకాలు బల్ల మీద పరిచాను. రుమాళ్లే చూశాను కాని అతని మొహం చూడలేదు.

"ఏదో ఒకటి ఇయ్యన్నా," అన్నాడు.

"ఏదో ఒకటంటే ఎట్లప్పా? జన్మంతా ఫోటోల్లో ఉండేది ఇదే కదా," అని కసిరాను.

అతను మెరూన్ అంచున్న తెల్ల రుమాలు తీసుకున్నాడు. "టై కట్టేదానికి మీరే రావాలన్నా. నిన్న ఎన్నూరు రోడ్డులో లారీ గుద్ది తమ్ముడు పోయినాడు. పెండ్లి కాకుండా పోయినాడని, పెండ్లికొడుకు మాదిరే పంపించమంటా ఉంది అమ్మ."

వెళ్లాను. పడుకున్న మనిషికి టై కట్టడం నాకు చేతకాలేదు. చివరికి నా మెడకే కట్టుకుని, ముడి వదులు చేసి తీసి, అతని తల మీదుగా తొడిగాను. జేబులో రుమాలు వంకరగా పడింది. వాళ్లమ్మ ఏడుపు ఆపి దాన్ని సరిచేసింది.

ఇప్పటికీ టైలు కడుతూనే ఉన్నాను. ఎవరైనా "ఏదో ఒకటి ఇయ్యన్నా" అంటే మాత్రం ఇంకో మాట మాట్లాడను.