ఓర్వకల్లు దారిలో పన్నెండు సీసాలు

ఓర్వకల్లు దగ్గరి ఆ ఊరి బావినీళ్లు పోస్తే మా ప్రయోగాల ఎలుకల పళ్ల మీద మచ్చలు లేచాయి. "మరి మనుషుల మాటేమిటి?" అన్నారు మా డాక్టరుగారు. కర్నూలు ప్రయోగశాలలో సీసాలు కడిగే నా ప్రయాణానికి మూలం ఆ ప్రశ్నే.

ఆ ఊళ్లో నడుములు బిగుసుకుపోయిన పన్నెండుమందికి చీట్లు వేశారు. ఆరుగురికి బండిమీద కాలవ నీళ్లు. తక్కినవాళ్లకు ఆర్నెల్లదాకా బావినీళ్లే, ఆ తర్వాత వాళ్లకూ కాలవ నీళ్లు. బావినీళ్ల వల్ల ఒంట్లో చేరిన ఫ్లోరైడ్ తగ్గిందో లేదో మూత్రం చెబుతుంది. తేడా తేలితే ఊరికి మంచినీళ్ల గొట్టం వేయమని సర్కారుకు రాయవచ్చు. మూడోనెల సీసాలు తేవడం నా వంతు.

పొద్దున ఆరున్నరకు కడప బస్సెక్కాను. ఓర్వకల్లుకు టికెట్టు ఎనిమిదణాలు. పక్కనున్న రైతు నా పెట్టె తట్టి, "ఏముండాదప్పా ఇందులో?" అన్నాడు. ఖాళీ సీసాలనీ, మూత్రం పట్టి తేవడానికనీ చెప్పాను.

"ఉచ్చకోసరం ఇంత దూరం పోతాండావా! శానా గొప్ప ఉద్యోగమే!" అని బస్సంతా నవ్వించాడు. నాకు ఒళ్లు మండింది.

బస్సు దిగి, రాతిగుట్టల మధ్య గంటన్నర నడిచి ఊరు చేరాను. కాలవ నీళ్ల చీటీ వచ్చిన నాగమ్మ చెంబుతో ఎదురైంది. నీళ్లెవరికని అడిగాను.

"మౌలాలి తాతకు. దినామూ ఒక చెంబు ఇస్తాండా. ఇంట్లో తియ్యనీల్లు పెట్టుకొని పక్కింటోల్లకు లేవంటే పాపం గదప్పా."

తాతది బావి చీటీ. మూడు నెలల శ్రమ బూడిదలో పోసిన పన్నీరే అనుకుంటూ ఆయన ఇంటికి విసవిసా నడిచాను.

రాళ్లు కొట్టి బతికిన మనిషి. మెడ తిరగక ఒళ్లంతా తిప్పి నన్ను చూశాడు.

"ఎందుకు తాగావు తాతా?"

"తాగలేదప్పా. వద్దంటే ఆయమ్మ మనసు నొచ్చుకుంటాదని తీసుకుంటాండా. నా కోడలు బాలింత, ఆమెకు పోస్తాండా. నా సీసా లెక్క తప్పితే గొట్టం రాదు గదా. నా ఈపు ఎట్లాగూ వంగదు. ఆ పసిబిడ్డ ఈపన్నా వంగల్ల."

శాస్త్రమంతా మా గదిలోనే ఉందనుకున్నవాణ్ణి, అప్రయత్నంగా చేతులు జోడించాను.

నాగమ్మ పెట్టిన జొన్నరొట్టె తిని, నిండిన పన్నెండు సీసాలూ పెట్టెలో సర్దుకున్నాను. తాత గడపదాకా వచ్చి మెల్లగా అడిగాడు: "కాలవ నీల్లు నిజంగానే తియ్యగుంటాయా అప్పా?"

"ఉంటాయి తాతా" అన్నాను.

నాలుగు గంటల బస్సులో పెట్టెను ఒళ్లోనే పెట్టుకున్నాను. ఎవరైనా అడిగితే ఈసారి తలెత్తుకుని చెప్పేవాణ్ణి; ఎవరూ అడగలేదు. మూడు నెలలుగా తన చేత్తో కోడలికి పోస్తున్న నీళ్ల రుచిని, ఆ మనిషి నన్నడిగి తెలుసుకున్నాడు.